గోపాలుడు లేని గోవులు

మొన్న మా రెండవ అమ్మాయి క్యాలెండరులోని ఒక పటం చూచి బొమ్మ వేసింది. ముదురు నీలపు నేల, దాని నిండా పూలమొక్కలు, ఆ తోట నడుమ ఆవులూ దూడలూ. అన్నీ మెడలెత్తి చూస్తున్నవి. మనిషన్నవాడు లేడు.

"కాపరి ఏడే? బొమ్మ సగంలో వదిలేశావు" అన్నాము. ఆఫీసు నుండి అలసి వచ్చిన నోరు గదా! పిల్ల మారు మాటాడక కాగితం మడిచి పెట్టెలో పెట్టుకొన్నది.

రాత్రి భోజనాలైన తరువాత క్యాలెండరు దగ్గరకు పోయి అడుగున ఉన్న అక్షరాలు చదివాము. అది పిచ్వాయి అట. అనగా శ్రీనాథజీ మూర్తికి వెనుక కట్టే తెర. కార్తిక శుద్ధ అష్టమి గోపాష్టమి. దూడలు కాచే కృష్ణుడికి ఆవులు కాచే పెద్దరికం వచ్చిన పండుగ. ఆ నాటికి ఆవుల తెర కడతారు. ఇక కాపరి తెరమీద ఎందుకు? ఆయన తెర ముందే నిలిచి ఉన్నాడు! ఆవులు చూచేది ఆయననే.

ఇటువంటిదే ఒకటి న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియములో ఉన్నది. నీలిమందు వేసిన నూలుబట్టమీద బంగారు, వెండి రేకుల పని. 18వ శతాబ్ది చివరనో 19వ శతాబ్ది మొదటనో ఔరంగాబాదులో, అనగా నేటి ఛత్రపతి సంభాజీనగరులో, తయారైనదని చెబుతారు. దక్కనులో స్థిరపడిన గుజరాతీ వర్తకులు ఇటువంటి తెరలు వ్రాయించుకొనేవారు. ఊరు విడిచినా పండుగ విడువలేదన్నమాట. ఆ శ్రీనాథజీ మాత్రం? గోవర్ధనగిరి విడిచి 1672లో మేవాడులోని నాథద్వారము చేరినవాడే. ఆ సంప్రదాయాన్ని నెలకొల్పిన వల్లభాచార్యులవారిది తెలుగు వైదిక కుటుంబము. తరతరాలుగా షోలాపురములో ఉంటున్న మనకు ఇందులో పరాయివారెవరు?

తెల్లవారి అమ్మాయిని పిలిచి, "తప్పు మాదే తల్లీ, నీ బొమ్మ పూర్తిగానే ఉన్నది" అన్నాము. దేవుని గూటిలో మా అమ్మ పూజించిన ఇత్తడి కృష్ణుడున్నాడు. ఆ కాగితం తెచ్చి ఆయన వెనుక అంటించింది. ఆవులన్నీ ఆయనవైపే చూస్తున్నట్లు కుదిరింది. మడతపడిన గీత మాత్రం పోలేదు.

మీ పిల్లలు బొమ్మ తెచ్చి చూపినప్పుడు, ఏమి లేదో చెప్పే ముందు, "ఇది ఎక్కడ పెట్టడానికమ్మా?" అని ఒక్కమాట అడగండి. మేము అడగలేదు.