సొంతింటిలా చూసుకుంటారట!

ఇల్లు అద్దెకు అడగడానికి వచ్చినవాళ్ళు ఏమన్నా నేను భయపడను. నీళ్ళెప్పుడొస్తాయని నిలదీసినా, అద్దె అయిదొందలు తగ్గించమని బేరమాడినా నవ్వుతూనే జవాబు చెబుతాను. కాని "మీకేం దిగులక్కర్లేదు పిన్నిగారూ, సొంతింటిలా చూసుకుంటాం" అన్నారో, నా గుండెల్లో రాయి పడుతుంది. ఎందుకంటారా?

మాది విజయవాడ సత్యనారాయణపురంలో పాతకాలపు మేడ. కింద మేముంటాం, పై వాటా అద్దెకిస్తాం. కిందటేడు దిగిన అమ్మాయి నిజంగా బంగారుతల్లి. ఒకటో తారీఖు దాటకుండా అద్దె, తెల్లారేసరికి మెట్లమీద ముగ్గు. మా అమ్మాయి పురిటికని నెల్లాళ్ళు ఊరెళ్ళి వచ్చాం. శ్రావణ శుక్రవారం పేరంటానికి పిలిస్తే పైకి వెళ్ళాను. కాళ్ళకు పసుపు రాయించుకుని, శనగలు అందుకుని తలెత్తానా, హాల్లో కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే వంటింట్లో పొయ్యిమీద పాలగిన్నె కనిపించింది! మధ్యగోడకి మూడడుగుల కిటికీ కొట్టించేశారు.

"కంచాలు ఇటునుంచే అందించొచ్చని చేయించాం పిన్నిగారూ. ఖర్చంతా మాదే. ఎలా ఉందండీ?"

చేతిలో తాంబూలం పెట్టుకుని ఏమంటాను? "బాగుందమ్మా" అని దిగొచ్చేశాను. ఆ తప్పు నాది.

ఆ గోడ తొమ్మిదంగుళాల ఇటుక గోడ. మా ఇంటికి స్తంభాలు లేవు; శ్లాబూ, దానిమీది నీళ్ళ ట్యాంకూ గోడలే మోస్తున్నాయి. అలాంటి గోడకి కన్నం పెట్టాలంటే ముందు శ్లాబుకింద కర్రలు ఆనించి, కన్నంమీద లింటెల్ వేయాలి. ఇవేవీ చేయలేదు. రెండు నెలలు తిరిగేసరికి కిటికీ మూలనుంచి ఏటవాలుగా బీట పాకింది. ఆ బీటకిందే వాళ్ళ పిల్లవాడు పక్కేసుకుని పడుకునేది! నా "బాగుందమ్మా" ఖరీదు అప్పుడు తెలిసింది నాకు.

ఇప్పుడు చెప్పండి, ఇది సొంతింటిలా చూసుకోవడమా? సొంతింట్లో గోడ కొట్టాలంటే మేస్త్రీని అడుగుతాం, ఇంజనీరు మేనమామ ఉంటే ఆయన్నడుగుతాం, వాస్తు సిద్ధాంతినీ వదలం. మొగుడూ పెళ్ళాం నెల్లాళ్ళు కీచులాడుకుంటాం. ఎవర్నీ అడక్కుండా సుత్తి ఎత్తేది పరాయి ఇంట్లోనే! అందుకే, అమ్మలారా, మా ఇల్లు సొంతింటిలా చూసుకోకండి. పక్కింటావిడ నగ పెళ్ళికి పెట్టుకెళ్ళినట్టు చూసుకోండి. పెట్టుకోండి, మురిసిపోండి, కాని కరిగించి వేరే చేయించకండి.

"నెలనెలా అద్దె పోస్తున్నాం, మా సౌకర్యం మాకొద్దా?" అంటారు. కావాలి. నేనూ పదిహేడేళ్ళు అద్దె ఇళ్ళల్లో కాపురం చేసినదాన్నే. ఒక ఇల్లుగలావిడ గోడకి మేకు కొట్టనిచ్చేది కాదు. ఏడాదంతా మా కాలెండరు బియ్యండబ్బాకి ఆనుకుని కూర్చుంది. అడిగినదానికల్లా వద్దనే ఇల్లుగలవాళ్ళే అడక్కుండా చేసే అద్దెవాళ్ళను తయారుచేస్తారు. ఆ మాట ఒప్పుకుంటాను. కాని వద్దంటారేమోనన్న భయం గోడ కొట్టడానికి అనుమతి కాదు.

హద్దు ఎక్కడంటే, వెళ్ళేటప్పుడు విప్పి తీసుకెళ్ళగలిగేది మీ ఇష్టం. విప్పలేనిది మా ఇష్టం. ఇది నా సొంత తెలివి కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెప్పేదీ దగ్గర దగ్గర ఇదే. వేరే ఒప్పందం లేకపోతే, అద్దెకున్నవారు తాము బిగించుకున్నవి ఊడదీసి తీసుకెళ్ళొచ్చు, కాని ఇల్లు పుచ్చుకున్నప్పుడు ఎలా ఉందో అలా అప్పగించాలి. ఇల్లుగలవారు ఒప్పుకోనిదే శాశ్వత కట్టడమేదీ కట్టకూడదు.

ఇల్లుగలమ్మలకీ ఓ మాట. తాళాలు ఇచ్చేరోజే గదిగదికీ ఫోటో తీసి ఇద్దరూ దగ్గర పెట్టుకోండి. ఏవి అడక్కుండా చేసుకోవచ్చో, ఏవి అడిగి చేయాలో అగ్రిమెంటులో రాయించండి. తేడా వస్తే నోటితో చెప్పి, కాగితంమీదా రాసివ్వండి. అంతేగాని కుళాయి కట్టేయడం, ఫ్యూజు పీకేయడం వంటి వేషాలు వేయకండి. వాళ్ళ తప్పుకి మన తప్పు విరుగుడు కాదు.

ఆ బీట చూసిన సాయంత్రమే ఆ అమ్మాయిని కూర్చోబెట్టి అంతా చెప్పాను. ముందు ముఖం ముడుచుకుంది. మేస్త్రీ వచ్చి బీట చూపించి చెప్పాక పిల్లవాణ్ణి దగ్గరకు లాక్కుంది. కిటికీ మూయించాం. ఖర్చు వాళ్ళ అడ్వాన్సులోంచే. రెండు నెలలు నోరుమూసుకున్నందుకు మేస్త్రీ కూలి మాత్రం నేనిచ్చాను.

మొన్న పైనుంచి కేక వేసింది. "పిన్నిగారూ, బట్టల తీగకి మేకు కొట్టుకోవచ్చా?"

నాలుగు కొట్టుకోమన్నాను.