వయా తెనాలి

మొన్న సంక్రాంతికి ఇల్లు సర్దుతుంటే తాతయ్యకి ఎవరో రాసిన పాత ఇన్‌లాండ్ ఉత్తరం ఒకటి దొరికింది. లోపల పెద్ద విశేషమేం లేదు. ధాన్యం రేటు, ఎవరిదో పెళ్లిచూపుల కబురు, ఆఖర్న ఆశీస్సులు. నన్ను ఆపింది పైన రాసిన అడ్రస్. ఊరి పేరు, వేమూరు పోస్టు, వయా తెనాలి, గుంటూరు జిల్లా.

ఆ "వయా" దగ్గర చాలాసేపు ఉండిపోయాను. మాది తెనాలి కాదు, తెనాలి మీదుగా చేరాల్సిన ఊరు అని ఎంత సూటిగా ఒప్పుకుందో ఆ అడ్రస్! ఇప్పుడు నా కథల కింద రచయిత పరిచయంలో "స్వస్థలం తెనాలి" అని ఉంటుంది. ఆ వయాని నేనే మింగేశాను. హైదరాబాద్‌లో మండలం పేరు ఎవరికి చెప్పుకుంటాం? తెనాలి అంటే చాలు. రామకృష్ణుడు, ఆంధ్రా ప్యారిస్, కొడవటిగంటి, చక్రపాణి అన్నీ వాటంతటవే వచ్చి మన పక్కన నిలబడతాయి.

నేను మింగితే ఎవరికీ నష్టం లేదు. ప్లాట్లు అమ్మేవాడు మింగితే ఉంది. నా గొడవ దాని గురించే.

మా నాన్న ఉద్యోగం కోసం ముప్ఫయ్యేళ్లు బయట తిరిగి, రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో 2019లో ఒక వెంచర్లో ప్లాటు కొన్నారు. బ్రోచర్ మీద "తెనాలి" అన్న మాట అరచెయ్యంత ఉంది. సర్వే నంబరు మాత్రం వేమూరు మండలంలోని ఒక పంచాయతీది. నాన్నకి ఆ సంగతి తెలీక కాదు. "రెండేళ్లలో మునిసిపాలిటీలో కలిపేస్తారండీ, అప్పుడు ఈ రేటుకి గజం కాదు కదా అడుగు కూడా దొరకదు" అన్నాడు ఏజెంటు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. బోరు దగ్గరికి పోకుండా కుళాయి నీళ్లు, వానొస్తే మునగని వీధి, గుమ్మం ముందుకొచ్చే చెత్తబండి. ఆవిడ అడిగింది ఇంతే. నాన్న డబ్బిచ్చి కొన్నది స్థలాన్ని కాదు, గీత జరుగుతుందన్న మాటని.

గీత జరిగింది. కాకపోతే అటువైపు.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. లోక్‌సభ నియోజకవర్గాన్ని కొలబద్దగా పెట్టుకుని విడగొట్టారు. తెనాలి గుంటూరు లోక్‌సభ కింద ఉంది కాబట్టి గుంటూరు జిల్లాలోనే మిగిలింది. వేమూరు, రేపల్లె బాపట్ల లోక్‌సభ కిందివి కాబట్టి బాపట్ల జిల్లాకి పోయాయి. 2009 ఎన్నికల ముందు దాకా తెనాలికి సొంత లోక్‌సభ స్థానం ఉండేది, పునర్విభజనలో పోయింది. అది ఉండుంటే ఈ కథ ఇంకోలా నడిచేదేమో. మొత్తానికి ఓట్ల లెక్క కోసం గీసిన గీత వచ్చి మా వీధికీ తెనాలికీ మధ్య పడింది. ఇక పక్క జిల్లా పంచాయతీని తెనాలి మునిసిపాలిటీ ఎప్పుడు కలుపుకునేను? ఏజెంటు ఫోను ఎత్తడం ఎప్పుడో మానేశాడు. ఎత్తినా ఏమంటాడు, జిల్లాలు నేను విడగొట్టలేదు అంటాడు. అదీ నిజమే.

ఇప్పుడు మా ఇంటి సంగతి చూడండి. కలెక్టరు బాపట్లలో. ఆసుపత్రి, సినిమా హాలు, బంగారం కొట్టు, రైలు తెనాలిలో, అంటే గుంటూరు జిల్లాలో. పిన్‌కోడు 522తో మొదలవుతుంది. ఇంటి ప్లానుకి అనుమతి ఇవ్వాల్సింది రాజధాని కోసం పెట్టిన సీఆర్‌డీఏ. ఆ పరిధిని మధ్యలో ఒక ప్రభుత్వం కోసేసింది, 2024లో ఇంకో ప్రభుత్వం మళ్లీ 8,352 చదరపు కిలోమీటర్లకి సాగదీసింది. మా వైపు మండలాలు ఒకసారి బయటికి పోయి మళ్లీ లోపలికొచ్చాయి. మేం మాత్రం మంచం కూడా జరపలేదు.

రేపల్లె వాళ్ల కష్టం ఇంకో రకం. రేపల్లె రైలు మార్గం ఎప్పటినుంచో తెనాలికే వస్తుంది, దారిలో భట్టిప్రోలు, వేమూరు. రేపల్లె మనిషి తన జిల్లా కేంద్రానికి రైల్లో పోవాలంటే ముందు పక్క జిల్లాలోని తెనాలికి వచ్చి, అక్కడ దిగి, బాపట్ల వైపు పోయే ఇంకో బండి ఎక్కాలి. రోడ్డున్న మాట నిజమే. కానీ పట్టాలకి తెలిసిన భూగోళం జిల్లా పటానికి తెలీదు. అక్కడ కూడా కలెక్టరు దగ్గరికి వయా తెనాలే.

పిన్‌కోడు సంగతి మరీ విచిత్రం. మనం దాన్ని ఊరి ఆధార్ నంబరులా చూస్తాం. అది పుట్టింది 1972 ఆగస్టు 15న, ఉత్తరాలు తొందరగా విడగొట్టడానికి. మొదటి మూడంకెలు చెప్పేది ఏ జిల్లా అని కాదు, ఏ సార్టింగ్ గుంపు అని. బాపట్ల 522101, చీరాల 523155. రెండూ ఇప్పుడు ఒకే జిల్లా. తెనాలి 522201, నరసరావుపేట 522601. రెండూ వేరు జిల్లాలు. పోస్ట్‌మాన్ సంచి సౌకర్యం కోసం పెట్టిన అంకెని చూపించి "మీది తెనాలి అడ్రసేనండీ" అని అమ్మేవాడు అబద్ధం చెప్పడం లేదు. తనకి లాభమైన నిజాన్ని ఒక్కదాన్నే చెప్తున్నాడు. నాకు కోపం అక్కడే.

చదువుల గీత ఇంకోటి ఉంది. అది బ్రోచర్లో ఎక్కడా కనపడదు. బ్రోచర్లో ఉండేది "కార్పొరేట్ స్కూల్ పది నిమిషాల్లో". పచ్చబస్సు వీధిలోకి వస్తే చదువు వచ్చినట్టే.

మా అక్క ఆరు నుంచి పది దాకా చీరాలలో మేనత్త వాళ్లింట్లో ఉండి చదివింది. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల లెక్కలో "స్థానికత" అంటే సొంత ఇల్లు ఎక్కడుందని కాదు, పదో తరగతి పూర్తయ్యే దాకా వరసగా నాలుగేళ్లు ఎక్కడ చదివావని. 2025 డీఎస్సీ పోస్టులు ప్రకటించింది పాత 13 జిల్లాల లెక్కనే. చీరాల 1970 దాకా గుంటూరు జిల్లా, తర్వాత ప్రకాశం, ఇప్పుడు బాపట్ల. మా ఇల్లూ బాపట్ల జిల్లా, అక్క చదివిన బడీ బాపట్ల జిల్లా. కానీ డీఎస్సీ దరఖాస్తు దగ్గరికొచ్చేసరికి ఇల్లు గుంటూరు, బడి ప్రకాశం. అక్క ప్రకాశం లోకల్ అయింది, సొంత ఇంటికి నాన్‌లోకల్ అయింది. "నేను ఏ ఊరి దాన్నిరా?" అని అడిగింది ఆ రోజు. నవ్వుతూనే అడిగింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఇది మన దగ్గరే ఉన్న పిచ్చి అనుకోవద్దు. మా బాబాయి కొడుకు టెక్సస్‌లో ఇల్లు కొన్నాడు. ఫ్రిస్కో అనే ఊరు, అక్కడ తెలుగువాళ్లు బాగా ఎక్కువ. ఆ ఒక్క ఊరి హద్దుల్లోకి నాలుగు స్కూల్ డిస్ట్రిక్టులు వస్తాయట. ఫ్రిస్కో పేరున్న స్కూల్ డిస్ట్రిక్టు పక్క ఊళ్ల లోపలికీ పోతుంది. కవరు మీద ఫ్రిస్కో అని ఉన్నంత మాత్రాన పిల్ల ఫ్రిస్కో బడికి పోతుందన్న హామీ లేదు. వాడు డోర్ నంబరు పట్టుకుని స్కూల్ డిస్ట్రిక్టు వెబ్‌సైట్‌లో చూశాకే అడ్వాన్స్ ఇచ్చాడు. "అన్నయ్యా, ఇక్కడ ఇల్లు చూసి బడి వెతుక్కోరు, బడి చూసి ఇల్లు వెతుక్కుంటారు" అన్నాడు. అదేదో ఆదర్శమని చెప్పడం లేదు. ఇంటి ధరతో బడి తలుపు తెరిచే ఏర్పాటులో అన్యాయం లేకపోలేదు. కాకపోతే అక్కడ గీత ఎక్కడుందో కొనేవాడికి ముందే తెలుస్తుంది. మనకి ఇంటి మీద స్లాబు పడ్డాక తెలుస్తుంది.

నిజానికి ఊరి హద్దుకున్న విలువ మనకి ఒకరు నేర్పాల్సింది కాదు. ఆ చీరాలలోనే, వందేళ్ల కిందట, పన్నుల భారం మోయలేం, మాకు మునిసిపాలిటీ వద్దు అన్నారు జనం. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో చీరాల, పేరాల వాసులు వేలమంది ఇళ్లు వదిలి మునిసిపల్ హద్దు అవతలికి పోయి పాకలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు పెట్టుకుని దాదాపు 11 నెలలు ఎండకీ వానకీ అక్కడే ఉన్నారు. వాళ్లు గీత దాటి బయటికి పోయారు, మా నాన్న గీత లోపలికి రావాలనుకున్నారు. కోరిక తలకిందులైంది గానీ ఇద్దరికీ తెలిసిన సంగతి ఒకటే. గీత ఊరికే ఉండదు, దానికో ధర ఉంటుంది. ఆ ధరని వాళ్లు వీధిలో నిలబడి చర్చించుకున్నారు. మనం ఏజెంటు చెవిలో చెప్తే నమ్మాం.

ఈ మాట అంటే నా సాహిత్య మిత్రులకి నచ్చలేదు. "గీతలు ప్రభుత్వానివి, ఊరు మనుషులది. వేమూరైనా రేపల్లె అయినా ఆ మట్టి, ఆ యాస ఒకటే కదా" అన్నాడొకడు. మన ఇంటిపేర్లే చూడు, వేమూరి, కొల్లూరి, దుగ్గిరాల, భట్టిప్రోలు, ఏ కలెక్టరు మార్చగలడు వాటిని అన్నాడు. మాట అందంగానే ఉంది. కానీ ఆ అందం గచ్చిబౌలిలో కూర్చున్న వాళ్లకే. పింఛను ఆగితే సోమవారం అర్జీ పట్టుకుని ఎక్కాల్సిన బస్సు ఏదో, ఛార్జీ ఎంతో తేల్చేది యాస కాదు, గీత. ఇంటిపేరులో ఊరుంటే కుళాయిలో నీళ్లు రావు. మనలాంటి వాళ్లం "మా తెనాలి" అని కథలు రాసి రాసి ఆ పేరుకి రేటు పెంచాం. బ్రోచర్ వేసేవాడు ఆ రేటుని గజాల్లోకి మార్చుకున్నాడు. అతను చదివాడో లేదో గానీ మన సాహిత్యాన్ని బాగానే వాడుకున్నాడు.

కాబట్టి నేను అడిగేది పెద్ద విప్లవమేం కాదు. 2016 రెరా చట్టం ప్రకటనలో రిజిస్ట్రేషన్ నంబరు వెయ్యాలంది. ప్రకటనలో తప్పు చెప్పి నష్టపరిస్తే పరిహారం కట్టాలంది. మంచిదే. ఇంకో నాలుగు మాటలు కూడా వెయ్యమనండి: పంచాయతీయా మునిసిపాలిటీయా, ఏ మండలం, ఏ జిల్లా, ప్లాను ఇచ్చేది ఎవరు. అదీ "తెనాలి" అన్న మాట ఎంత అక్షరాల్లో వేశారో అంత అక్షరాల్లోనే. "పంచాయతీ అప్రూవ్డ్" అని వేస్తే, పంచాయతీ ఒక్కటే లేఅవుట్ ఇవ్వలేదని, పైన ప్లానింగ్ అధికారుల ఆమోదం కావాలని కూడా వెయ్యమనండి. "త్వరలో కలుపుతారు" అన్న మాట ఏ రూపంలో ఉన్నా ఉత్తర్వు నంబరు లేకపోతే నేరం కిందే లెక్క కట్టమనండి.

ప్రభుత్వానికీ ఒక మాట. జిల్లాలు మారిస్తే మార్చారు. కానీ పాత జిల్లా ఉద్యోగాలకి, కొత్త జిల్లా అర్జీలకి, పిన్‌కోడు ఉత్తరాలకి, సీఆర్‌డీఏ ప్లాన్లకి అని ఒక మనిషిని నాలుగు ముక్కలు చేసినప్పుడు, ఏ ముక్క ఎక్కడుందో ఒక్క కాగితం మీద రాసి ఆ మనిషి చేతికివ్వాలి కదా. సర్వే నంబరు కొడితే ఇవన్నీ ఒక్కచోట కనపడేలా పెట్టడం అసాధ్యమేం కాదు.

అమ్మ ఇప్పటికీ బోరు దగ్గరికే పోతోంది. నాన్న ఆ బ్రోచర్ని పారెయ్యలేదు, ఇన్‌లాండ్ ఉత్తరం ఉన్న పెట్టెలోనే పెట్టారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. పావలా ఉత్తరం నిజం చెప్పింది, లక్షల బ్రోచర్ చెప్పలేదు.

ఇకనుంచి నా పరిచయంలో స్వస్థలం దగ్గర మా ఊరి పేరే వెయ్యమని సంపాదకులని అడిగాను. వేమూరు మండలం, బాపట్ల జిల్లా. వయా తెనాలి.