మణికట్టు వాపును వాతం అని రాయించుకోవద్దు



షోలాపూరు సాంచాల కారఖానాల్లో ఏ షిఫ్టులో చూసినా ఇద్దరు ముగ్గురి మణికట్టుకు గుడ్డపట్టీ కనబడుతోంది. ఏమైందని అడిగితే "ఏం లేదన్నా, వాతం" అంటారు. మాలక్ అదే మాట అంటాడు, మందుల దుకాణం వాడూ అదే అంటాడు. వయసు చూస్తే ముప్పై అయిదు. ముప్పై అయిదేళ్లకే ఇంతమందికి, అదీ సాంచా హ్యాండిల్ తోసే చేతికే వచ్చే ఈ వాతం ఏమిటో మాకు అర్థం కావడం లేదు.

మేము కూడా ఏళ్ల తరబడి సాంచాల మీద నిలబడినవాళ్లమే. టవల్ నేసే సాంచాకు నాడెలో కండె అయిపోయినప్పుడల్లా ఆపాలి, కండె మార్చాలి, మళ్లీ హ్యాండిల్ తోయాలి. పోగు తెగితే బొటనవేలు, చూపుడువేలుతో ముడి వేయాలి. ఒక్కడు రెండు సాంచాలు చూసిన చోట ఇప్పుడు నాలుగు చూస్తున్నాడు. సాంచాలు పెరిగాయి గాని మణికట్లు రెండే గదా! పైగా కూలి పీసు లెక్క. చేతికి విశ్రాంతి ఇస్తే ఆ వారం పగారు తగ్గుతుంది.

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలున్నాయి. వాటి మీదుగా వేళ్లను ఆడించే తాళ్లు పోతాయి, వీటిని డాక్టర్లు టెండన్లు అంటారు. ముడులు వేసీ వేసీ బొటనవేలి వైపు టెండన్ల తొడుగు వాస్తుంది. బొటనవేలిని పిడికిలిలో మూసి, చేతిని చిటికెనవేలి వైపు వంచితే ప్రాణం పోయినంత నొప్పి పుడితే అనుమానించవలసింది దీన్నే. దీన్ని స్విట్జర్లాండు డాక్టరు డి కెర్వాన్ 1895లోనే వివరించాడు, కొత్త జబ్బేమీ కాదు. ఇంకొకటి నరం నొక్కుకుపోవడం. ఇందులో వాపు పైకి అంతగా కనబడదు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కుతాయి, రాత్రి నిద్రలో లేచి చేయి విదిలించుకోవలసి వస్తుంది. షుగరు, థైరాయిడ్ ఉన్నవారికీ, గర్భిణులకూ ఇది తొందరగా వస్తుంది.

పనితో సంబంధం లేనివీ ఉన్నాయి, అది దాచవలసిన పని లేదు. రెండు మణికట్లూ ఒకేసారి వాచి, పొద్దున లేవగానే గంటసేపు వేళ్లు ముడుచుకోకపోతే అది కీళ్లవాతం కావచ్చు. ఆడవాళ్లలో ఎక్కువ. మొదట్లోనే సరైన మందు పడితే కీళ్లు వంకర పోకుండా కాపాడుకోవచ్చు. మణికట్టు వీపున గట్టి బుడిపె లేస్తే చాలావరకు భయం లేదు. పెద్దవాళ్లు దాన్ని బరువైన పుస్తకంతో కొట్టి పగలగొట్టేవారు, ఆ పని మాత్రం చేయకండి. కీలు ఎర్రగా కాలిపోతూ జ్వరం కూడా వస్తే షిఫ్టు చూసుకోకుండా అదే రోజు ఆసుపత్రికి పోవాలి.

అన్నిటికంటే మేము భయపడేది పడిపోవడం గురించి. నూనె కారిన నేల మీద కాలు జారితే ఎవరైనా అరచేయి ఆనిస్తారు. బొటనవేలి మొదట్లో ఉన్న గుంటలో నొప్పి, కొద్దిగా వాపు. బెణుకు అనుకుని తైలం రాయించుకుని మర్నాడు పనిలోకి వస్తాం. అక్కడ ఉన్న చిన్న ఎముక చిట్లితే మొదటి ఎక్స్‌రేలో తరచుగా కనబడదు. పది పద్నాలుగు రోజుల తర్వాత మళ్లీ తీయించాలి. అందాకా పట్టీ ఉండాలి. వదిలేస్తే ఆ ఎముకకు రక్తం అందక అతకదు, చేయి ఎప్పటికీ పట్టు తప్పుతుంది.

ఇక్కడే డబ్బు సంగతి ఉంది. ఇ.ఎస్.ఐ.లో మామూలు జబ్బు సెలవుకు పగారులో 70 శాతం, అదీ ఏడాదికి 91 రోజుల వరకే. పనిలో దెబ్బ తగిలితే తాత్కాలిక అంగవైకల్యం కింద 90 శాతం. పడినవాణ్ని "ఇంట్లో జారానని చెప్పు, తొందరగా అయిపోతుంది" అని ముకద్దం ఎందుకంటాడో ఇప్పుడు అర్థమై ఉంటుంది. పడిన రోజే ప్రమాదాల రిజిస్టరులో రాయించాలి, చూసినవాళ్ల పేర్లతో సహా.

పని వల్ల మెల్లగా వచ్చే వాపు సంగతి ఇంకా అన్యాయం. పత్తి దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బూ, చప్పుడుతో వచ్చే చెవుడూ మన దేశపు వృత్తి వ్యాధుల జాబితాలో ఉన్నాయి. మణికట్టు టెండన్ల వాపు లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన తన జాబితాలో ఈ వాపునూ, నరం నొక్కుకుపోవడాన్నీ రెంటినీ చేర్చింది. పాత ఇ.ఎస్.ఐ. చట్టం స్థానంలో 2025 నవంబరులో సామాజిక భద్రతా కోడ్ అమలులోకి వచ్చింది. చట్టం మారింది గాని ఈ విషయంలో మనకు ఒరిగిందేమీ లేదు.

మనలోనే కొందరు పెద్దలు "సాంచాలే మూతపడుతుంటే మణికట్టు గొడవేమిటి" అంటున్నారు. వారి మాటను మేము తేలికగా తీసుకోవడం లేదు. కానీ చేయి పడిపోయిన నేతగాడికి కారఖానా నడిచినా మూతపడినా ఒకటే. ఇంట్లో అతని భార్య బీడీలు చుట్టి సంసారం లాగుతుంది, ఆమె మణికట్టూ అదే దారి పడుతుంది. ఆమెది ఏ రిజిస్టరులోనూ ఎక్కదు.

డిస్పెన్సరీలో డాక్టరుకు నొప్పి ఒక్కటే చెప్పి రావద్దు. ఎన్ని సాంచాలు, ఎన్ని గంటలు, ఏ చేత్తో తోస్తారు, ఎన్నాళ్ల నుంచి, అన్నీ చెప్పి చీటీ మీద రాయమని అడగండి. చీటీ మీద పని పేరు లేకపోతే రేపు ఎవరూ నమ్మరు. ఖాళీ కడుపున వాపు బిళ్లలు మింగుతూ షిఫ్టులు లాగవద్దు, కడుపూ కిడ్నీలూ పాడవుతాయి. మాలక్‌లను యూనియన్ అడుగుతున్నది రెండు: సాంచాల మధ్య నేల మీద నూనె రోజూ తుడిపించడం, చేయి వాచినవాడికి నయమయ్యేదాకా పగారు తగ్గించకుండా వేరే పని ఇవ్వడం. ఇ.ఎస్.ఐ. నంబరు లేనివాళ్లు, పదిమంది కంటే తక్కువ చూపించడానికి ఒకే కారఖానాను రెండు పేర్ల మీద నడిపే చోట పనిచేసేవాళ్లు, పగారు చీటీ ఏది ఉంటే అది పట్టుకుని షిఫ్టు దిగాక ఆఫీసుకు రండి.