తోటలు వదిలి దూరంగా ఉన్నవారికి ఒక మనవి

ఉద్దానంలో తోటలుండి విశాఖలోనో, హైదరాబాద్‌లోనో, ఇంకా దూరానో బతుకుతున్న వారికి ముందుగా ఈ మనవి.

2013 అక్టోబరు 12న పైలిన్ తుపాను. 2014లో మళ్లీ అదే తేదీన హుద్‌హుద్. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ. మొదటిది గోపాల్‌పూర్ దగ్గర, రెండోది విశాఖ దగ్గర తీరం దాటాయి. తిత్లీ మాత్రం నేరుగా పలాస మీదికే వచ్చింది. 2021 సెప్టెంబరులో గులాబ్ కళింగపట్నం దగ్గర దాటింది. సముద్రం వేడెక్కేకొద్దీ తుపానుకు బలం ఎక్కువవుతుందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. దసరా వస్తోందంటే మన పల్లెల్లో సంబరంతో పాటు గుబులూ మొదలవుతోంది.

మనుషుల్ని కాపాడుకోవడం చాలావరకు నేర్చుకున్నాం. కబురు ముందే అందుతోంది, షెల్టర్లున్నాయి. చెట్టును మాత్రం ఏ షెల్టరుకు తీసుకెళ్తాం? కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరుల్లో కొబ్బరి, జీడి తోటలు తిత్లీకి ఒక్క పూటలో నేలకొరిగాయి. దేశవాళీ కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. వరి పోతే మరుసటి ఏడు మళ్లీ నాటుకుంటాం. కొబ్బరి పోతే పిల్లల చదువులు, పెళ్లిళ్లు అన్నీ వెనక్కి పోతాయి.

ఆ నష్టానికి పరిహారం వచ్చినా, కాగితం మీద ఎవరి పేరుంటే వారికే వెళ్తుంది. తోటకు కాపలా ఉండి, ఎరువు వేసి, పడిన మానులు తొలగించిన కౌలుదారుకు చాలాసార్లు చిల్లిగవ్వ రాదు. 2019 చట్టం కింద పంట సాగుదారు హక్కు పత్రం ఉంది కానీ దానికి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందని చాలామందికి భయం. అది అనవసరం. ఆ పత్రం ఇచ్చేది 11 నెలలకు, అదీ పంట మీద హక్కే. భూమి మీద కాదు. ఇంత చిన్న సంతకానికి వెనకాడటం న్యాయం కాదని నా అభిప్రాయం.

ఊళ్లో ఉన్నవారూ చేయాల్సినవి ఉన్నాయి. తోటను ఈ-పంటలో నమోదు చేయించండి. పొట్టి, సంకర రకాలకైతే నాలుగేళ్ల నుంచి, దేశవాళీ చెట్లకైతే ఏడేళ్ల నుంచి, 60 ఏళ్ల వయసు వరకు కొబ్బరి అభివృద్ధి మండలి బీమా పథకం తెచ్చింది. మన మండలంలో అది అమలవుతోందో లేదో ఉద్యానశాఖ అధికారిని నిలదీసి అడగండి. తీరం వెంట సరుగుడు తోపుల్నీ, మొగలి పొదల్నీ, ఇసుక దిబ్బల్నీ ముట్టుకోవద్దు. గాలి ముందు తగిలేది వాటికే. దిబ్బల ఇసుక అమ్ముకున్న ఊరికి గాలి అడ్డులేకుండా వస్తుంది.

ఇక కొండ మీది మాట. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు వేసవిలో అడవికి నిప్పు అంటుకోవడం మామూలైపోయింది. ఇప్పపువ్వు కనబడాలని ఎండుటాకులు తగలబెట్టడం అందుకు ఒక కారణం. గిరిజనుల్ని తిట్టి లాభం లేదు. వాళ్లకు ఆ పువ్వే కూడు. చెట్టు కింద పరుచుకునే గుడ్డలు, వలలు అటవీశాఖ ముందే ఇస్తే నిప్పు అవసరమే రాదు. కాలి బోడైన కొండ మీద వాన నిలవదు. మట్టినంతా వంశధారలోకీ నాగావళిలోకీ ఈడ్చుకొస్తుంది. కొండ కాలితే ఆ దెబ్బ కింద ఉన్న మనకూ తగులుతుంది.

దూరాన ఉన్నవారికి మరొక్క మాట. వేసవి సెలవులకు ఊరొస్తారు కదా, ఖరీఫ్ మొదలవక ముందే కౌలుదారును వెంటబెట్టుకుని ఊరి సచివాలయానికి వెళ్లి, ఆ సంతకం పెట్టి తిరిగి వెళ్లండి.