పత్తి ఆకు వాగులో పడ్డంక

జల్, జంగల్, జమీన్ అంటం. సభల్లో మాట్లాడేది మాత్రం ఎక్కువగా జమీన్ గురించి, తర్వాత జంగల్ గురించి. జల్ నినాదంలో ముందుంటది, పనిలో వెనక ఉంటది. అందుకే ఇయాళ వాగు గురించి రాస్తున్న.

ఆదిలాబాద్ ఏజెన్సీలో జొన్న, కొర్ర పండిన చేన్లు చాలా వరకు ఇప్పుడు పత్తి చేన్లే. పత్తి అంటే బీటీ పత్తే. 2002లో కేంద్రం దీనికి అనుమతిచ్చింది. మట్టిలో ఉండే ఒక బ్యాక్టీరియా జన్యువును పత్తిలో పెట్టడంతో మొక్క తనే ఒక ప్రోటీన్ తయారు చేసుకుంటది. అది తిన్న కాయతొలిచే పురుగు పేగులు చిల్లులు పడి చస్తది. ఇంతవరకు విత్తనాలమ్మేవాళ్లు కూడా చెప్తరు. ఆకు రాలినంక ఆ ప్రోటీన్ ఎటు పోతదో చెప్పరు.

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ఈ సంగతి చూసిండ్రు. అక్కడ పంట బీటీ మొక్కజొన్న. జెన్నిఫర్ ట్యాంక్ అనే శాస్త్రవేత్త బృందం కోతలైన ఆరు నెలలకు 217 చోట్ల వాగుల్ని పరిశీలించింది. 2010లో ఫలితాలు అచ్చయినయి. 86 శాతం చోట్ల ఆకులు, బెండ్లు, కట్టె వాగులో ఉన్నయి. 13 శాతం చోట్ల ఆ చెత్తలో, 23 శాతం చోట్ల ఏకంగా నీళ్లలోనే బీటీ ప్రోటీన్ దొరికింది. మోతాదు చాలా తక్కువే, లీటరుకు సగటున 14 నానోగ్రాములు. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. కానీ ఆరు నెలల తర్వాత కూడా ఉంది కదా!

వాగులో రాళ్ల కింద ఇసుక రేణువులు, ఆకుముక్కలు అతికించుకుని గూడు కట్టుకునే పురుగులుంటయి. ఇంగ్లీషులో క్యాడిస్ ఫ్లై అంటరు. రాలిన ఆకులే వాటి తిండి, అవే చేపల తిండి. సీతాకోకచిలుకలకు, కాయతొలిచే పురుగులకు ఇవి దగ్గరి చుట్టాలు. బీటీ మొక్కజొన్న తిన్న కొన్ని క్యాడిస్ పురుగులు సరిగా పెరగలేదని 2007లో ఎమ్మా రోసీ-మార్షల్ బృందం రాసింది. దాని మీద శాస్త్రవేత్తల మధ్య పెద్ద గొడవే నడిచింది. తర్వాతి పరీక్షల్లో కొన్ని జాతులకు పెద్దగా ఏం కాలేదని కూడా తేలింది. ఇది దాచొద్దు. "బీటీ నీళ్లు తాగితే మనుషులు చస్తరు" అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లు మన ఉద్యమానికే నష్టం చేస్తున్నరు. ఆ ప్రోటీన్ పనిచేసేది కొన్ని రకాల పురుగుల పేగుల్లోనే.

నా ప్రశ్న వేరు. మొక్కజొన్న లెక్కలు తెచ్చి పత్తికి అతికించలేం. మన నేల వేరు, వాన వేరు. చేను వాలులో ఉంటది, దున్నుడు వాగు ఒడ్డు దాకా పోతది, మొదటి గట్టి వానకే ఆకు, మట్టి, పిచికారీ మందు అన్నీ కలిసి దిగుతయి. ఎండాకాలం అదే వాగులో చెలిమె తవ్వుకుని నీళ్లు తోడుకునే గూడేలున్నయి. చేపలు, ఎండ్రకాయలు పట్టుకునేదీ అక్కడే. మరి మన వాగు లెక్క ఎవరు తీయాలె?

పత్తి వేసిన రైతును తిట్టుడు కాదిది. అప్పిచ్చేటోడు, విత్తనమిచ్చేటోడు, పంట కొనేటోడు ఒక్కడే అయినప్పుడు రైతు ఏ పంట ఎంచుకుంటడు? గులాబీ పురుగు బీటీకి లొంగడం మానేసినంక మందు ఖర్చు కూడా మళ్లీ రైతు నెత్తినే పడ్డది.

అటవీ హక్కుల చట్టం 2006లో సెక్షన్ 5 చదవండి. నీటి వనరులను, పరీవాహక ప్రాంతాన్ని కాపాడే అధికారం గ్రామసభకు ఉంది. పట్టాల కోసం ఆ చట్టాన్ని ఎన్నోసార్లు తిరగేసినం, ఈ సెక్షన్‌ను మాత్రం వాడుకోలేదు. ఆకులో బీటీ ఉందో లేదో చూసే పట్టీలు దొరుకుతయి గానీ, నీళ్లలో ఇంత తక్కువ మోతాదు పట్టాలంటే ల్యాబ్ కావాలె. కాబట్టి వచ్చే గ్రామసభలో తీర్మానం పెట్టండి: పత్తి ఏరిన తర్వాత ఒకసారి, తొలకరికి ఒకసారి మా వాగు నీళ్లు, అడుగు మట్టి పరీక్షించాలె, బీటీ ప్రోటీన్‌తో పాటు పురుగుమందులు కూడా చూడాలె, ఫలితాలు మా భాషలో మా ముందే చదవాలె. తీర్మానం కాపీ ఐటీడీఏకు ఇచ్చి, రసీదు తీసుకోండి.