శనివారం పెగ్గు, లెక్కల పుస్తకం

హేతువాదులు నలుగురు చేరిన చోట ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ప్రశ్న ఇది: "మందు తాగేవాడు హేతువాది ఎలా అవుతాడు?" వెంటనే ఒకరు మన ఉద్యమంలోని పెద్దల నిరాడంబర జీవితాన్ని గుర్తుచేస్తారు. ఇంకొకరు లేచి, తాగుడు పాపమని చెప్పింది మతం, మనకేం పట్టింది అంటారు. నాకు రెండు వాదాలూ రుచించవు. మొదటిదాంట్లో మర్యాద ఉంది, రెండోదాంట్లో మొండితనం ఉంది. లెక్క మాత్రం రెండింట్లోనూ లేదు.

నేను బీకాం చదివి, రక్షణ శాఖ లెక్కల విభాగంలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరైనవాణ్ణి. వోచరు లేని ఖర్చుని నమ్మడం నా వల్ల కాదు. ఆరేళ్ళుగా ప్రతి శనివారం సాయంత్రం ఇంట్లో ఒక కొత్త కాక్‌టెయిల్ చేసుకుంటున్నాను. ఒక్కటే. దానికో పుస్తకం పెట్టాను. తేదీ, ఏమేం కలిపాను, ఎన్ని మిల్లీలీటర్లు, అందులో ఆల్కహాలు ఎన్ని గ్రాములు, ఎంత ఖర్చయింది, రుచి ఎలా ఉంది, వచ్చే వారం ఏది మార్చాలి. మా ఆవిడ తాగదు. కానీ ఆ పుస్తకానికి ఆడిటరు ఆవిడే.

"ఇదీ ఒక పూజేగా? వారం, వేళ, పాత్రలు, విధానం అన్నీ ఉన్నాయి!" అని ఒక మిత్రుడు నవ్వాడు. మంచి ప్రశ్నే. రిటైరైనవాడికి సోమవారమూ శనివారమూ ఒక్కలాగే ఉంటాయి, వారానికో గుర్తు ఉంటే బాగుంటుంది. గుర్తు పెట్టుకోవడంలో మూఢనమ్మకం ఏమీ లేదు. తేడా ఎక్కడంటే, పూజలో విధానం మారిస్తే అపచారం. నా శనివారంలో ఏదో ఒకటి మార్చకపోతే ఆ వారం దండగ. వ్రతం చేసి ఫలితం రాకపోతే భక్తుడి శ్రద్ధలో లోపం అంటారు, వ్రతాన్ని ఎవరూ తప్పుపట్టరు. కాక్‌టెయిల్ చెడితే తప్పు నా కొలతదే. పుస్తకం తీసి చూస్తే ఎక్కడ చెడిందో కనబడుతుంది.

అసలు మూఢాచారాలు చూడాలంటే మన తాగుబోతుల్నే చూడాలి. గ్లాసులో వేలు ముంచి రెండు చుక్కలు నేల మీద చల్లందే కొందరు మొదలుపెట్టరు. ఎవరికి చల్లుతున్నారంటే, పితృదేవతలకని ఒకాయన, ఏమో మా నాన్న చల్లేవాడని ఇంకొకాయన. మంగళవారం హనుమంతుడికి, శనివారం వెంకటేశ్వరుడికి సెలవు. కార్తీకం మొత్తం సెలవు. అయ్యప్ప మాల వేస్తే 41 రోజులు సీసా ముఖం చూడరు. మాల తీసిన రోజు రాత్రి మాత్రం బకాయిలన్నీ వడ్డీతో సహా వసూలు! వీళ్ళని నేను ఎగతాళి చెయ్యను. 41 రోజులు ఆపగలిగినవాడికి తనని తాను ఆపుకునే శక్తి ఉందని రుజువైంది కదా. ఆ శక్తి తనదని అతను ఒప్పుకోడు, మాలదంటాడు. నా బాధ అక్కడే.

ఆ పైన 'వేడి', 'చలవ' సిద్ధాంతం ఒకటి. బ్రాందీ వేడట, బీరు చలవట. జలుబు చేసిన పసిపిల్లలకి చెంచాడు బ్రాందీ పట్టించే ఇళ్ళు నేనే చూశాను. ఆల్కహాలు లోపలికి వెళ్తే చర్మం దగ్గరి రక్తనాళాలు వెడల్పవుతాయి. అందుకే ఒళ్ళు వెచ్చబడినట్టు అనిపిస్తుంది. నిజానికి ఆ దారినే లోపలి వేడి బయటికి పోతుంది. పసిపిల్లకి అది మందు కాదు, ప్రమాదం. ఇక చలవ చేసే బీరు సంగతి. మన దేశంలో అమ్మే 650 మి.లీ. స్ట్రాంగ్ బీరులో ఆల్కహాలు 8 శాతం దాకా ఉంటుంది. అంటే సీసాకి సుమారు 41 గ్రాములు. 42.8 శాతం ఉన్న విస్కీ పెద్ద పెగ్గులో, అంటే 60 మి.లీ.లో, 20 గ్రాములు. "ఎండలకి ఒక బీరే తాగాను" అన్నవాడు రెండు పెద్ద పెగ్గులు తాగాడన్నమాట. ఈ గుణకారం చెయ్యడానికి బీకాం కూడా అక్కర్లేదు.

నా పరిమితి పెద్ద పెగ్గు ఒకటి, 60 మి.లీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ప్రామాణిక పానీయం అంటే 10 గ్రాముల ఆల్కహాలు. ఆ ప్రకారం నేను తాగేది ఒకటి కాదు, రెండు. పుస్తకంలో రెండనే రాస్తాను. కొలత గ్లాసు లేకుండా సీసా వంచి పోసేవాళ్ళంతా తక్కువే పోశామనుకుంటారు. ఒకసారి మీ ఇంట్లో పోసి కొలిచి చూడండి.

కాక్‌టెయిల్ ఎందుకు, ఉత్త విస్కీ సోడా చాలదా అంటారా? కాక్‌టెయిల్‌లో తెలుసుకోడానికి చాలా ఉంది. ఉదాహరణకి ఐసు. డైకిరీ అని క్యూబా వాళ్ళ పానీయం ఒకటుంది, రమ్ము, నిమ్మరసం, చక్కెర పాకం. 60 మి.లీ. రమ్ము, 20 నిమ్మరసం, 15 పాకం, మొత్తం 95 మి.లీ. ఐసుతో మూత డబ్బాలో బాగా కుదిపి వడకడితే నాకు దాదాపు 130 వచ్చింది. మిగతాది కరిగిన ఐసు. మా మిత్రులు "నీళ్ళయిపోయింది" అని మొహం చిట్లిస్తారు. కానీ ఒక గ్రాము ఐసు కరగడానికి 80 క్యాలరీల వేడి కావాలి, ఆ వేడిని అది పానీయంలోంచే లాక్కుంటుంది. ప్రధానంగా ఆ కరగడమే చల్లబరుస్తుంది. నీళ్ళు కలవకూడదు, చల్లగా మాత్రం ఉండాలి అని ఐసుని అడగడం, ఖర్చు చూపించకుండా సరుకు తెప్పించమన్నట్టు ఉంటుంది. ఆ నీళ్ళు లేకపోతే రమ్ము ఘాటుకి నిమ్మ వాసనే తెలియదు.

కథలూ ఉన్నాయి, వాటినీ పరీక్షించాలి. జిన్నులో టానిక్ వాటర్ కలుపుకుని తాగి, తెల్లదొరలు మలేరియా నుంచి తప్పించుకున్నారని ఇప్పటికీ చెబుతుంటారు. టానిక్‌లో చేదు క్వినైన్‌దే, అది నిజం. క్వినైన్ మలేరియాకి మందే, అదీ నిజం. కానీ అమెరికాలో టానిక్ వాటర్‌కి చట్టం అనుమతించే గరిష్ఠ మోతాదు లీటరుకి 83 మిల్లీగ్రాములు. నా గ్లాసులో 150 మి.లీ. టానిక్ పడుతుంది. గరిష్ఠమే అనుకున్నా 12 మిల్లీగ్రాములు. మలేరియా వచ్చిన పెద్దవాడికి క్వినైన్ సల్ఫేట్ ఇచ్చేది రోజుకి దగ్గర దగ్గర 1,900 మిల్లీగ్రాములు. రోజుకి 23 లీటర్ల టానిక్ తాగాలి. దాంట్లో జిన్ను కూడా కలిపితే మలేరియా కంటే ముందు జిన్నే పని పూర్తి చేస్తుంది.

ఈ కథకి సమాధానం మన సికింద్రాబాద్‌లోనే ఉంది. బేగంపేటలో ఒక చిన్న భవనంలో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపు గోడ మీద మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఒక్కొక్క దోమనీ కోసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, రాసుకుని, మళ్ళీ ఇంకొకటి కోసి. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. మలేరియాని ఎలా ఆపాలో తెలిసింది ఆ దోమల లెక్కతోనే. జిన్ టానిక్ చేసుకున్న శనివారం ఆ భవనాన్ని తలుచుకుంటాను. దణ్ణం పెట్టను లెండి.

ఇంకో కథ 'పంచ్' అనే పానీయానిది. సారా, నిమ్మ, చక్కెర, నీళ్ళు, జాజికాయ కలిపి పెద్ద గిన్నెలో చేసేవారు. అయిదు వస్తువులు కాబట్టి మన 'పంచ' నుంచే ఆ పేరు వచ్చిందని 17వ శతాబ్దంలోనే జాన్ ఫ్రయర్ అనే ఇంగ్లీషు వైద్యుడు రాశాడు. ఇంగ్లీషులో ఆ మాట మొదటగా కనిపించేది 1632 నాటి ఒక ఉత్తరంలో. ఈస్టిండియా కంపెనీ మనిషి పెటపోలిలో ఉన్న తోటి ఉద్యోగికి రాసిన ఉత్తరం అది. పెటపోలి అంటే మన నిజాంపట్నం, ఇప్పటి బాపట్ల జిల్లా. తెలుగువాడిగా నాకు సంతోషమే. అయినా 'పంచ' వాదం రుజువైందని మాత్రం చెప్పను. పాత తయారీల్లో నాలుగు వస్తువులవీ ఉన్నాయి, ఆరు వస్తువులవీ ఉన్నాయి. 'పంచన్' అనే పెద్ద పీపా నుంచి పేరు వచ్చిందనే వాదం కూడా ఉంది. మనకి గర్వంగా అనిపించినంత మాత్రాన వ్యుత్పత్తి నిజం కాదు. పుష్పక విమానం వాళ్ళతో వాదించేవాళ్ళం ఇది మరిచిపోకూడదు.

నాకు బాగా నచ్చిన శనివారం, ఖరీదైన సరుకు గురించి పందెం వేసుకున్నది. మా మిత్రుడొకాయన ఖరీదు జిన్నుని కళ్ళు మూసుకుని పట్టేస్తానన్నాడు. గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ 1935లో రాసిన పుస్తకంలో ఇలాంటి పరీక్ష ఉంది. పాలు ముందు పోశారో టీ ముందు పోశారో రుచి చూసి చెప్పగలనన్న ఒక మహిళకి ఎనిమిది కప్పులు, అటు నాలుగు, ఇటు నాలుగు. గుడ్డిగా చెప్పి అన్నీ సరిగ్గా పట్టే అవకాశం 70లో 1. మేమూ అదే చేశాం. ఒక్కో గ్లాసులో చెంచాడు, అంటే 5 మి.లీ. జిన్ను, మీద కొంచెం టానిక్. ఎనిమిదికీ కలిపి 40 మి.లీ., నా పరిమితి లోపలే. పోసింది మా ఆవిడ, వేరే గదిలో. నంబర్లు మాత్రమే మాకు తెలుసు. ఆయన ఖరీదువని తేల్చిన నాలుగింట్లో రెండు ఖరీదువి, రెండు మామూలువి. ఏమీ తెలియనివాడికి సరిగ్గా ఇదే ఫలితం వచ్చే అవకాశం 70లో 36. ఆయన "టానిక్ పాడుచేసింది" అన్నాడు. జ్యోతిష్కుడు జన్మ సమయం తప్పిచ్చారన్నట్టే ఉందన్నాను. కొంచెం అలిగాడు. మర్నాడు ఫోన్ చేసి టానిక్ లేకుండా మళ్ళీ పెట్టమన్నాడు. అక్కడే ఆయన జ్యోతిష్కుడి కంటే మెరుగు.

సీసా మీది చీటీ చాలా పని చేస్తుంది. మన దేశంలో విస్కీ పేరుతో అమ్ముడైన చౌక సరుకులో చాలా భాగం చెరకు మొలాసిస్ స్పిరిట్టే. ఐరోపాలో దాన్ని విస్కీ అని అమ్మనివ్వరు, అక్కడ ధాన్యంతో చేసిందే విస్కీ. మనవాళ్ళు మాత్రం "రమ్ము మోటు, విస్కీ హుందా" అంటారు. రెండూ ఒకే చెరకు బిడ్డలైతే హుందాతనం ఎక్కణ్ణుంచి వచ్చింది?

చెరకు అంటే గుర్తొచ్చింది. నా పుస్తకంలో ఎక్కువ మార్కులు పడ్డది రమ్ము పానకం. బెల్లం, మిరియాలు, ఏలకులు, నిమ్మరసం, 45 మి.లీ. నల్ల రమ్ము. బెల్లమూ రమ్మూ ఒకే గడ నుంచి వచ్చినవి, అందుకే రుచి కలుస్తుంది. "పానకంలో రమ్మేమిటండీ, ఎవరైనా వింటే!" అంది మా ఆవిడ. ఎవర్నీ రెచ్చగొట్టడానికి కాదు, శ్రీరామనవమి రోజు చెయ్యలేదు కూడా. సుగంధి షర్బత్‌తో జిన్ను మాత్రం దగ్గు మందులా వచ్చింది.

ఇక మన వైపు వాళ్ళే పెంచిపోషించిన నమ్మకం ఒకటి. "కొంచెం తాగితే గుండెకి మంచిది, సైన్సే చెప్పింది." 1991లో అమెరికా టీవీ కార్యక్రమం ఒకటి, ఫ్రెంచివాళ్ళ గుండెలు బాగుండడానికి రెడ్ వైన్ కారణం కావచ్చని చెప్పాక ఇది ఊరూరా పాకింది. కొద్దిగా తాగేవాళ్ళు, అసలు తాగనివాళ్ళ కంటే ఎక్కువకాలం బతికినట్టు చాలా అధ్యయనాల్లో కనబడింది కూడా. లోపం ప్రారంభ నిల్వలో ఉంది. 'తాగనివాళ్ళ' ఖాతాలో, జబ్బు చేసి మానేసిన పాత తాగుబోతుల్ని కూడా జమ వేశారు. ఆ ఖాతా బలహీనంగా కనబడకేం చేస్తుంది? వాళ్ళని విడదీసి చూస్తే లాభం చాలావరకు కరిగిపోయింది. మద్యపానీయాలు మనిషికి క్యాన్సర్ కలిగిస్తాయని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది. సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది.

మరి నేనెందుకు తాగుతున్నాను? రుచి కోసం, వారానికో సాయంత్రపు ఆట కోసం. ఏడాదికి 52 పెద్ద పెగ్గులంటే 3,120 మి.లీ., నాలుగు ఫుల్ బాటిళ్ళ పైన రెండు పెగ్గులు. దానితో వచ్చే ప్రమాదం చిన్నదే, కానీ సున్నా కాదు. దాన్ని ఖర్చు కింద రాసుకుంటాను. ఆరోగ్యం పేరుతో ఆదాయం కింద చూపించను. దేవుడి పేరుతో మానేసేవాడూ, గుండె పేరుతో మొదలుపెట్టేవాడూ, ఇద్దరూ తమ నిర్ణయాన్ని ఇంకొకరి పద్దులో వేస్తున్నారు.

కొలత గ్లాసులూ, పుస్తకాలూ పెన్షనున్న వాళ్ళ ముచ్చట్లు అని ఎవరైనా అంటే కాదనను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో అక్షరాలు దిద్దిన ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో రామారావు గారి ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది, 1997లో దాన్ని ఎత్తేశారు. నిషేధం మీద నాకు వేరే అభిప్రాయాలున్నాయి, అది ఇంకోసారి. కానీ ఆ ఆడవాళ్ళు పాపం పుణ్యం మాట్లాడలేదు. కూలి ఎంత వస్తోంది, అందులో సారాకి ఎంత పోతోంది, పిల్లలకి ఎంత మిగులుతోంది అని అడిగారు. నాకు తెలిసిన ఆడిట్ అభ్యంతరాల్లో అంత సూటిది ఇంకొకటి లేదు. మన హేతువాద సంఘాల్లో మద్యం గురించి మాట్లాడేటప్పుడు వాళ్ళ మాట ముందు రావాలి, నా పానకం తరువాత.

ఒక పెగ్గుతో ఆగలేనివాళ్ళుంటారు. అది జబ్బు, వాళ్ళకి కొలత గ్లాసు పనికిరాదు, డాక్టరు కావాలి. మా మిత్రబృందంలో ఒకాయన చికిత్స తీసుకుని మానేశాడు. ఆయన వచ్చే శనివారాల్లో సీసా బల్ల మీదికి రాదు. ఉసిరి రసం, బెల్లం పాకం, అల్లం, చిటికెడు ఉప్పు, పైన సోడా. ఐసుతో కుదిపి వడకడతాను. పుస్తకంలో ఆల్కహాలు గడిలో సున్నా వేసి, మిగతా గడులన్నీ మామూలుగానే నింపుతాను. పోయిన నెల అల్లం 5 మి.లీ. రసం వేస్తే ఘాటెక్కువైందన్నాడు. ఈసారి 3 వెయ్యాలి.