చక్రం తిప్పితేనే... వయొలిన్ పలుకుతుంది!

పెళ్లికూతురు కారెక్కుతోంది. తల్లి గుమ్మంలో నిలబడి చెంగుతో కళ్లొత్తుకుంటోంది. తండ్రి ఎటో చూస్తున్నాడు. నటులు బాగానే చేస్తున్నారు. వెనకాల ఇరవై వయొలిన్లు మోగుతున్నాయి. అయినా ఏదో వెలితి. కన్ను చెమ్మగిల్లదు సరికదా, టీవీ ముందు కూర్చున్న బామ్మ 'ఏమే, ఆ రొద కాస్త తగ్గించవే' అని మనవరాలిని కసురుకుంటుంది.

బామ్మకు సంగీతం రాకపోవచ్చు. చెవి మాత్రం మోసపోలేదు. ఆ ఇరవై వయొలిన్లలో ఒక్కటి కూడా ఆ సీను కోసం ఎవరూ వాయించలేదు. అన్నీ కంప్యూటర్లోంచి వచ్చినవే. అయితే బామ్మ విసుక్కున్నది అందుకు కాదు. అలా కంప్యూటర్లోంచి వచ్చిన వయొలిన్లకే ఇంకో సినిమాలో ఆవిడ ముక్కు చీదుకుంది. మరి తేడా ఎక్కడొచ్చింది?

కంప్యూటర్లో ఉండే ఈ వయొలిన్ల మూటను 'శాంపిల్ లైబ్రరీ' అంటారు. స్వరాల గిడ్డంగి అనుకోవచ్చు. నిజమైన వాద్యకారులను స్టూడియోలో కూర్చోబెట్టి, ఒక్కో స్వరాన్నీ విడివిడిగా వాయించమని రికార్డు చేస్తారు. సంగీత దర్శకుడు కీబోర్డు మీద మెట్టు నొక్కితే ఆ స్వరం మోగుతుంది. అంటే, వాయించింది మనిషే. కాకపోతే ఎప్పుడో, ఎక్కడో, పెళ్లికూతురి సంగతి తెలియకుండా వాయించాడు. ఆ సంగతి ఇప్పుడు మెట్టు నొక్కేవాడు చెప్పాలి. అదే అసలు పని.

ఆలోచన పాతదే. 1963లో ఇంగ్లండ్‌లో 'మెలోట్రాన్' అనే వాయిద్యం తయారైంది. ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క. మెట్టు నొక్కితే టేపు తిరుగుతుంది, వేణువో వయొలినో వినిపిస్తుంది. ఎనిమిది సెకన్లలో టేపు అయిపోతుంది, స్వరం ఆగిపోతుంది. బీటిల్స్ బృందం 1967లో విడుదల చేసిన 'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్' మొదట్లో వినిపించే వేణువులు దాంట్లోవే. ఇప్పటి లైబ్రరీలకు టేపు అయిపోయే బాధ లేదు. ఇంకో బాధ ఉంది.

గుసగుసను మైకులో పెడితే...

కల్యాణ మండపంలో ఎవరో మైకు ఆపడం మరచిపోయి పక్కవాళ్ల చెవిలో రహస్యం చెప్పారనుకోండి. హాలంతా వినపడుతుంది. కానీ అది అరుపు అవుతుందా? అవదు. ఎంత గట్టిగా వినిపించినా అది గుసగుసే. అలాగే వీధి చివర నుంచి 'ఒరేయ్' అని కేకేసిన మనిషి గొంతును రికార్డు చేసి, సౌండు బాగా తగ్గించి వినండి. దూరంగా ఎవరో అరుస్తున్నట్టే ఉంటుంది తప్ప ముద్దుగా పిలిచినట్టు ఉండదు. గొంతు పెంచినప్పుడు మారేది ఒక్క మోతే కాదు, గొంతు తీరే మారిపోతుంది.

వాయిద్యాలదీ ఇదే కథ. ఫ్రెంచి స్వరకర్త, భౌతిక శాస్త్రవేత్త జాన్ క్లాద్ రిస్సే 1960లలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ట్రంపెట్ ధ్వనిని కంప్యూటర్‌తో విడదీసి చూశాడు. ట్రంపెట్‌ను గట్టిగా ఊదేకొద్దీ అసలు స్వరంతోపాటు మోగే పై అనుస్వరాల బలం పెరుగుతోంది. అందుకే ధ్వనికి ఆ మెరుపు. కాబట్టి గట్టిగా ఊదిన ట్రంపెట్‌కు సౌండు తగ్గిస్తే మెత్తని ట్రంపెట్ రాదు. పక్క వీధిలో బ్యాండుమేళం పోతున్నట్టు ఉంటుందంతే!

అందుకే లైబ్రరీ చేసేవాళ్లు ఒకే స్వరాన్ని మెత్తగా, మధ్యస్థంగా, గట్టిగా... ఇలా వేర్వేరుగా వాయించి రికార్డు చేస్తారు. వీటిని పొరలంటారు. ఏ పొర ఎప్పుడు మోగాలన్నదే ప్రశ్న.

పియానో అయితే తేలిక. సుత్తి తీగను ఎంత వేగంగా కొట్టిందో అంత ధ్వని. కొట్టాక దాన్ని పెంచడం ఎవరి తరమూ కాదు. 1983లో వాయిద్యాలనూ కంప్యూటర్లనూ కలిపే 'మిడి' అనే ఒప్పందం వచ్చినప్పుడు, మెట్టును ఎంత వేగంగా నొక్కారన్నది 127 లోపు అంకెగా చెప్పే ఏర్పాటు చేశారు. పియానోకు అది అతికినట్టు సరిపోయింది. వయొలిన్‌కు సరిపోతుందా? వయొలిన్ మీద స్వరం మొదలయ్యాకే కదా కథంతా! కమాను లాగుతూ బరువు పెంచొచ్చు, తగ్గించొచ్చు, చివర్లో గాలిలో కలిపేయొచ్చు. మెట్టు నొక్కి ఊరుకున్నవాడి వయొలిన్‌లో ఇవేవీ ఉండవు. మొదటి క్షణంలో ఎలా ఉందో చివరి క్షణంలోనూ అలాగే నిలబడి ఉంటుంది. బామ్మకు రొదలా వినపడింది ఇదే.

ఎడమచేతి పని

కీబోర్డుకు ఎడమవైపు చిన్న చక్రం ఉంటుంది. మాడ్యులేషన్ వీల్. సాగే స్వరాలున్న లైబ్రరీల్లో చాలావాటికి ఇదే కమాను. కిందికి ఉంటే మెత్తని పొర, పైకి తిప్పేకొద్దీ ఒక పొర తగ్గుతూ దాని మీదకి ఇంకోటి వస్తుంది. మోతతోపాటు ధ్వని రంగూ మారుతుంది. 'ఎక్స్‌ప్రెషన్' అని మరో మీట ఉంటుంది. అది సాధారణంగా మోతనే మారుస్తుంది. కొత్తవాళ్లు తరచూ దీన్నే కదిపి భావం పలికిందనుకుంటారు. పలకదు. గుసగుసను మైకులో పెట్టినట్టే. అనుభవమున్నవాళ్లు మొదటిదాంతో బొమ్మ గీసి, రెండోదాంతో అంచులు దిద్దుతారు. మరీ మెత్తని పొర కూడా ఇంకా గట్టిగానే ఉందనిపించినప్పుడు, స్వరాన్ని మౌనంలోకి దింపాల్సినప్పుడు రెండోది అక్కరకొస్తుంది.

కుడిచేత్తో స్వరం నొక్కి ఎడమచేతిని చక్రం మీద ఉంచాలి. నాలుగు లెక్కల పొడుగు స్వరమైతే నలభై దగ్గర మొదలెట్టి, ఎనభై దాకా ఎక్కించి, యాభైకి దించి వదలాలి. ఈ అంకెలు శాసనం కాదు. ఒక లైబ్రరీలో ఎనభై అంటే కేక, ఇంకోదాంట్లో మామూలు మాట. అందుకే అంకె చూసి కాదు, విని తిప్పాలి. మౌసుతో గీత గీస్తే సరిపోదా అంటే... గీయొచ్చు. కానీ రూళ్లకర్ర పెట్టి గీసిన గీతలో చెయ్యి కనపడదు. మరో పాత చిట్కా ఉంది, ఖర్చు లేనిది. ముందు ఆ వరసను గొంతుతో పాడి చూడాలి. ఎక్కడ ఊపిరి తీసుకున్నారో అక్కడ చక్రం దిగాలి. ఎక్కడ గొంతు నిండిందో అక్కడ ఎక్కాలి. వరసంతటికీ శిఖరం ఒకటే ఉంటుంది. ప్రతి స్వరానికీ పొంగు పెడితే ఊయలెక్కి కళ్లు తిరిగినట్టుంటుంది. ఊపిరితోనే నడపాలనుకునేవారి కోసం యమహా కంపెనీ 1980లలోనే నోట్లో పెట్టుకుని ఊదే బ్రెత్ కంట్రోలర్‌ను తెచ్చింది.

ఇక్కడో చిక్కుంది. ఒంటరి వయొలిన్ మీద చక్రం తిప్పితే ఒక పొర ఇంకోదాంట్లోకి మారే చోట క్షణంపాటు ఇద్దరు వాయిస్తున్నట్టు వినిపించే ప్రమాదం ఉంది. గుంపులో అయితే ఎవరూ పట్టుకోలేరు. ఒంటరివాడు దొరికిపోతాడు. ఒకే స్వరం గబగబా పదిసార్లు పడ్డా దొరికిపోతాడు. అచ్చుతో దించిన ముగ్గూ చేత్తో పెట్టిన ముగ్గూ పక్కపక్కన చూస్తే తెలిసిపోదూ? అందుకే ఒకే స్వరాన్ని మూడు నాలుగుసార్లు వాయించి రికార్డు చేసి, వాటిని వంతులవారీగా మోగిస్తారు.

స్వరానికీ స్వరానికీ మధ్య జారుడును పట్టుకోవడం ఇంకా కష్టం. ఒకప్పుడు సెల్లో వాద్యకారుడైన హెర్బ్ టుచ్‌మండ్ల్ 2000లో 'వియన్నా సింఫనిక్ లైబ్రరీ' స్థాపించి, స్వరాలతోపాటు వాటి మధ్య ప్రయాణాన్నీ రికార్డు చేయించాడు. లెక్క వేయండి. ఒక స్వరం నుంచి పైస్థాయికి పన్నెండు, కిందిస్థాయికి పన్నెండు... మొత్తం 24 దారులు. వయొలిన్‌లో నలభై స్వరాలనుకున్నా ఎనిమిది వందలకు పైమాటే. మళ్లీ ఒక్కోటీ మెత్తగా, గట్టిగా! ఏ పాటా లేకుండా రోజులకు రోజులు ఇదే వాయించిన ఆ కళాకారుల ఓపికకు దణ్ణం పెట్టాలి.

ఇంత చేసినా చక్రంతో తీరని పని ఒకటుంది. ఫ్రెంచి స్వరకర్త రావెల్ 1928లో రాసిన 'బొలేరో' పావుగంటపాటు పెరుగుతూ పోతుంది. చిన్న డ్రమ్ము, ఒక్క వేణువుతో మొదలై ఆర్కెస్ట్రా మొత్తంతో ముగుస్తుంది. అక్కడ పెరిగింది మోతే కాదు, మనుషులు. కీబోర్డు మీదా అంతే. వయొలిన్లతో అయ్యే పని కానప్పుడు సెల్లోలను పిలవాలి. దించాలనుకున్నప్పుడు నలుగురిని ఆపేయాలి.

మన చెవికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పాశ్చాత్య లైబ్రరీల్లోని స్వరం నిలబడి ఉంటుంది, మన స్వరం ఊగుతుంది. కీబోర్డు మీద గమకం కోసం పక్కనే ఉండే శ్రుతి వంచే మీటతో తంటాలు పడాల్సిందే. అందుకే చాలామంది కింద కంప్యూటర్ వయొలిన్లు పరచి, పైన ఒక్క నిజమైన వయొలిన్ విద్వాంసుడిని కూర్చోబెడతారు. ఆ ఒక్కడి కమాను కదలికతో వెనకున్నవాళ్లంతా బతికినట్టు వినిపిస్తారు. తెలుగు సినిమా పాటల కోసం చెన్నై రికార్డింగ్ థియేటర్లలో ఒకప్పుడు వరసలు వరసలుగా కూర్చున్న వయొలిన్ల స్థానంలో ఇప్పుడు ఒక్కరే ఉంటున్నారంటే మిగతావాళ్ల సంగతేమిటన్న ప్రశ్న రాకమానదు. 1982లో లండన్‌లో వాద్యకారుల సంఘం శాఖ ఒకటి సింథసైజర్లను నిషేధించాలని తీర్మానమే చేసింది. నిషేధమైతే రాలేదు. సీరియల్ ఎపిసోడ్‌కు ఒక్క రాత్రిలో నేపథ్య సంగీతం ఇవ్వాల్సిన కుర్రాడు ఇరవైమందిని పిలవలేడన్నదీ నిజమే. కానీ మెట్టు నొక్కి చెయ్యి తీసేయడానికి మాత్రం ఆ తొందరను సాకుగా ఒప్పుకోలేం. పిల్ల అత్తారింటికెళ్లే సీనుకు ఎడమచేతి పని ఐదు నిమిషాలు.

ఇంట్లో పిల్లలెవరైనా కంప్యూటర్‌కు కీబోర్డు తగిలించి ఇలాంటివి నేర్చుకుంటుంటే ఈ సాయంత్రం చిన్న పరీక్ష పెట్టండి. ఉచితంగా దొరికే చిన్న లైబ్రరీ చాలు. వయొలిన్ల గుంపులో ఒకటే స్వరం ఎనిమిది లెక్కలసేపు నొక్కి ఉంచమనండి, చక్రం ముట్టుకోకుండా. మళ్లీ అదే స్వరం, ఈసారి చక్రాన్ని మెల్లగా ఎక్కించి దించుతూ. ఏది ఏదో చెప్పకుండా వంటింట్లో ఉన్నవాళ్లను అడగండి... ఎవరో వాయిస్తున్నట్టు ఏది ఉందని. అడిగేది మాత్రం సంగీతం రానివాళ్లనే సుమా!